కొట్టకుండా కుక్కకి మాట నేర్పడం: రాకీ దగ్గర చేసిన తప్పులు, మిరియంతో పాటించిన పద్ధతి

ఇప్పుడున్న మా కుక్క మిరియం కంటే ముందు మా ఇంట్లో రాకీ అని ఒక ల్యాబ్రడార్ ఉండేవాడు. వాడి సంగతి చెప్పకుండా ఇది మొదలుపెట్టలేను, ఎందుకంటే కింద రాసిన ప్రతి స్టెప్పూ వాడి దగ్గర మేం చెయ్యనిదే. వాడికి ఆరు నెలలప్పుడు ఇంటికొచ్చి నేర్పే ఒక ట్రైనర్‌ని పెట్టాం, రెండు నెలలు పొద్దున్నే వచ్చేవాడు, కుక్క మెడకి గుంజితే బిగుసుకునే చోక్ చైన్, తన చేతిలో చుట్టిన పేపరు, మాట వినకపోతే ఒక్క గుంజు. సిట్, స్టే, షేక్‌హ్యాండ్ అన్నీ వచ్చేశాయి, చుట్టాలొస్తే చేయించి చూపించి తెగ మురిసిపోయేవాళ్ళం. కానీ నేను ఫ్యాన్ స్విచ్ వెయ్యడానికి చెయ్యెత్తితే చాలు, చెవులు వెనక్కి అతికించేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుని నేలకి అంటుకుపోయేవాడు, లేచాక చూస్తే కింద గచ్చు తడిగా ఉండేది. గుర్రుమన్నా గుంజమన్నారు, గుంజాం. ఏడాది తిరక్కుండా, వాడు అన్నం తింటుంటే మా మేనల్లుడు పక్కన కూర్చున్నాడని చిన్న గుర్రు కూడా లేకుండా చెయ్యి పట్టేశాడు. "ఉత్తిపుణ్యానికి కరిచేసింది" అన్నారందరూ. ఉత్తినే కాదండీ. కరవబోయే ముందు కుక్క చెప్పే మాట ఒకటుంటుంది, ఆ మాట చెప్పడం మేమే మానిపించాం.

మిరియం నాలుగేళ్ళ కిందట మా వైజాగ్‌లోనే ఎంవీపీ కాలనీ రైతుబజార్ దగ్గర కొబ్బరిబోండాల బండి కింద దొరికింది. వీధికుక్క పిల్లే, రెండు నెలలుంటాయేమో, నల్లగా గుప్పెడంత ఉందని మా అమ్మాయి ఆ పేరు పెట్టేసింది. ఈసారి చెయ్యెత్తకూడదని ముందే అనుకున్నాం.

పద్ధతి చెప్పుకోడానికి చాలా సింపుల్. మనకి నచ్చిన పని కుక్క చేసిన క్షణంలో దానికి నచ్చింది ఇస్తాం, ఆ పని మళ్ళీ చేస్తుంది. నచ్చని పనికి ఏమీ దొరక్కుండా చూస్తాం, పైగా ఆ పని చేసే అవకాశమే లేకుండా ఇల్లు సర్దుకుంటాం. థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు 1898లోనే పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, మంచి ఫలితం వచ్చిన పని మళ్ళీ మళ్ళీ చేస్తాయని చూపించాడు, తర్వాత స్కిన్నర్ అనే ఇంకో సైకాలజిస్టు దాన్నే ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు, కాబట్టి ఇదేదో నిన్నగాక మొన్నొచ్చిన ఫ్యాషన్ కాదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు, నా చేతిలో లివర్ ముక్కలు చూసి "కుక్కకి లంచమిచ్చి కూకోబెడతన్నారేటమ్మా" అన్నాడు. మంచి ప్రశ్న, చాలామంది అడిగేదే. లంచం పనికి ముందు చూపిస్తారు, జీతం పనయ్యాక ఇస్తారు. ముక్క ముందే ఊపుతూ బతిమాలితే అది లంచం, కుక్క కూడా ముక్క కనిపిస్తేనే కదులుతుంది. కూర్చున్నాక జేబులోంచి తీసి ఇస్తే జీతం. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం ట్రైనింగ్ వచ్చేసినట్టే.

బీచ్ రోడ్‌లో పొద్దున వాకింగ్‌కొచ్చే పెద్దవాళ్ళు తప్పకుండా ఒక సలహా ఇస్తారు, "నువ్వు లీడర్ అని దానికి తెలియాలమ్మా, లేకపోతే నెత్తికెక్కుతుంది" అని. ఈ మాట 1947లో షెంకెల్ అనే ఆయన బోనులో పెట్టిన తోడేళ్ళ మీద రాసిన దాంట్లోంచి వచ్చింది, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళని ఒక చోట కుక్కితే కొట్టుకున్నాయి మరి. దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన డేవిడ్ మెక్ అనే తోడేళ్ళ శాస్త్రవేత్తే 1999లో అది తప్పని రాశాడు, అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలే అని. అయినా కుక్క తోడేలు కాదు, మనం కూడా కాదు. 2020లో పోర్చుగల్‌లోని పోర్టో యూనివర్సిటీ వాళ్ళు 92 పెంపుడు కుక్కల్ని గమనిస్తే, గుంజి అరిచి నేర్పే స్కూళ్ళలో కుక్కలు ట్రైనింగ్ జరుగుతున్నంతసేపూ ఎక్కువగా పెదాలు నాక్కోవడం, ఆవలించడం, ఒళ్ళు ముడుచుకోవడం చేశాయి. మా రాకీ కూడా ట్రైనర్ బెల్ కొట్టగానే ఆవలించేవాడు, నిద్ర చాల్లేదు పాపం అనుకునేవాళ్ళం.

ఇంకోటి కూడా తెలుసుకోండి, మన జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది, జంతువుని అనవసరంగా కొట్టి బాధపెట్టడం అందులో నేరం, ఎప్పుడూ గొలుసుకే కట్టేసి ఉంచే కుక్కని తిప్పకుండా వదిలేసే ఓనర్‌ది కూడా తప్పే అని కుక్క పేరెత్తి మరీ రాశారు.

మొదటి స్టెప్: జీతం రెడీ చేసుకోవడం

చికెన్ షాపులో లివర్, కందనకాయ అడగండి, ఉప్పూ మసాలా లేకుండా ఉడకబెట్టి శనగబద్దంత ముక్కలు కొయ్యండి, నిజంగా శనగబద్దంతే, పెద్ద ముక్కలైతే పది సార్లకే కడుపు నిండిపోయి మీ మొహం కూడా చూడదు. డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారం వస్తాయి. లివర్ ఒక్కటే రోజూ మరీ ఎక్కువైపోకూడదు, మార్చి మార్చి పెట్టండి. ఎండు నెత్తళ్ళ వాసనకి కుక్కలు పిచ్చెక్కిపోతాయి గానీ వాటిలో ఉప్పు చాలా ఎక్కువ, దానికి బదులు పచ్చి నెత్తళ్ళు తెచ్చి ఉడకబెట్టి పెడితే మేలు. శాకాహారుల ఇంట్లో పన్నీర్, ఉడికిన చిలగడదుంప, క్యారెట్ బాగా పనిచేస్తాయి. రోజు మొత్తం తిండిలో ట్రీట్లు పదో వంతు దాటకూడదు, ట్రైనింగ్ ఎక్కువ చేసిన రోజు గిన్నెలో అన్నం తగ్గించండి.

ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, చక్కెర బదులు తీపికి జైలిటాల్ వేసిన షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, ఇవి విషం. గుడి ప్రసాదమని చక్కెరపొంగలి ప్రేమగా పెట్టేస్తారు, అందులో కిస్మిస్ ఉంటుంది చూసుకోండి. ఉడికిన ఎముకలు కూడా వద్దు, పెళుసుగా విరిగి లోపల గుచ్చుకుంటాయి.

మెడకి బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్ కొనండి, దానికి తగిలించి చేత్తో పట్టుకునే తాడు, అంటే లీష్, రెండు మీటర్లది మామూలుది చాలు. చోక్ చైన్, ముళ్ళ కాలర్, షాక్ కాలర్ ఇంట్లోకే రానివ్వకండి.

రెండో స్టెప్: ఒక మాటకి విలువ కట్టడం

"యెస్" అనో "భేష్" అనో ఏదో ఒక చిన్న మాట పెట్టుకోండి, మాది "యెస్". రెండు రోజులు పనేమీ చెప్పొద్దు. ఊరికే "యెస్" అనండి, ముక్క ఇవ్వండి, మళ్ళీ "యెస్", ముక్క, రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి పదిహేను ముక్కలు. మూడో రోజుకి అది వేరే వైపు చూస్తున్నప్పుడు "యెస్" అంటే గిరుక్కున తిరిగిందనుకోండి, పనైపోయినట్టే.

ఇది ఎందుకంటే టైమింగ్ కోసం. ఈ విషయం దగ్గరే చాలామంది తప్పిపోతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కుక్క పిర్ర నేలకి తగిలింది, మీరు అబ్బా కూర్చుంది అని సంతోషపడి, జేబులో చెయ్యి పెట్టి, కవరు ముడి విప్పి, ముక్క తీసేసరికి అది లేచి మీ మోకాలి మీదకి కాళ్ళు పెట్టేసింది, అప్పుడు ముక్క ఇచ్చారు. మీరు దేనికి జీతమిచ్చారు? మీదకి ఎక్కినందుకు. పిర్ర నేలకి తగిలిన ఆ క్షణంలో "యెస్" పడిపోతే, ముక్క రెండు సెకన్లు ఆలస్యమైనా పర్లేదు, ఏ పనికి వచ్చిందో దానికి అర్థమైపోతుంది. మా అమ్మాయి, నేను బంతి ఎగరేసి నేలకి తగిలిన క్షణంలో "యెస్" అనుకుంటూ ప్రాక్టీస్ చేశాం, కుక్కకంటే ముందు మన నోరు ట్రైన్ అవ్వాలి.

మూడో స్టెప్: ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండటం

మా ఇంట్లో మొదటి వారం ఎలా ఉండేదంటే, నేను "సిట్", మా ఆయన "సిట్ డౌన్", అత్తగారు "కూర్చోవే తల్లీ", అమ్మాయి "బైఠో". ఒక్క పనికి నాలుగు మాటలు, పిల్ల పాపం అందరి మొహాలూ చూసేది. కుక్కకి ఇంగ్లీషులోనే చెప్పాలని రూలేం లేదు, దానికి అన్నీ చప్పుళ్ళే, తెలుగులో హాయిగా చెప్పొచ్చు, కానీ అందరూ అదే చెప్పాలి. పేపరు మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాం: కూర్చో, ఆగు, వదిలెయ్, చలో.

పిలవడానికి "చలో" ఎందుకు, "రా" అనొచ్చు కదా అంటారేమో. మనం తెలుగువాళ్ళం రోజుకి ఎన్ని సార్లు "రా" అంటామో లెక్కపెట్టండి. "ఏంట్రా", "తిన్నావా రా", "పడుకోరా", "ఆగరా", ముద్దొచ్చినా రా, కోపమొచ్చినా రా. రాకీకి అందుకే "రా" అంటే చెవి కూడా కదిలేది కాదు, వాడి లెక్కలో అది మనం మాట్లాడేటప్పుడు చివర్లో వచ్చే చప్పుడు అంతే. పిలుపుకి ఇంట్లో మామూలుగా వాడని మాట పెట్టుకోండి, లేదా ఈల.

ఇక "నో" అనే మాట వీలైనంత తగ్గించండి. ఏం చెయ్యకూడదో చెప్తే దానికి ఏం చెయ్యాలో తెలీదు. సోఫా ఎక్కితే "నో నో నో" అనే బదులు కింద దుప్పటి మీదకి పిలిచి అక్కడ కూర్చుంటే ముక్కివ్వండి.

నాలుగో స్టెప్: కూర్చో

ముక్కని ముక్కు దగ్గర పెట్టి మెల్లగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్ళండి, తల పైకి లేస్తే పిర్ర దానంతటదే కిందకి దిగుతుంది. "యెస్", ముక్క. చేత్తో నడుం నొక్కొద్దు. ఐదారు సార్లయ్యాక చేతిలో ముక్క లేకుండా అదే సైగ చెయ్యండి, కూర్చుంటే రెండో చేత్తో జేబులోంచి ఇవ్వండి, లంచం జీతంగా మారేది ఇక్కడే. సైగకి ప్రతిసారీ కూర్చుంటున్నప్పుడు, అప్పుడు మాట కలపండి, ముందు "కూర్చో", ఒక సెకను ఆగి సైగ. మూడు నిమిషాలు చాలు, రోజుకి మూడు సార్లు. ఇంకా చెయ్యాలని దానికి ఉత్సాహం ఉండగానే ఆపేయండి.

హాల్లో నేర్చుకున్నది లిఫ్ట్ దగ్గర రాకపోతే పొగరు కాదు. చోటు మారితే దానికి పాఠం మళ్ళీ కొత్తే. హాలు, బాల్కనీ, మెట్లు, గేటు, రోడ్డు, ఇలా ఒక్కోచోట మళ్ళీ మొదట్నుంచి చేయిస్తే రెండో చోటు నుంచి త్వరగా వచ్చేస్తుంది.

ఒంటికి, రెంటికి

నిద్ర లేవగానే, తినగానే, ఆట అవ్వగానే బయటికి తీసుకెళ్ళండి, మధ్యలో రెండు గంటలకోసారి. బయట పని కానిచ్చిన వెంటనే అక్కడే ముక్క, ఇంటికొచ్చాక ఇస్తే ఇంటికొచ్చినందుకు ఇచ్చినట్టు. లోపల చేసేస్తే నోరు మూసుకుని తుడవండి. మూతి అందులో పెట్టి రాయమని చెప్పేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, అది నేర్చుకునేది ఒకటే, మనం చూస్తుండగా చెయ్యకూడదని, అప్పుడు మంచం వెనకాలకెళ్ళి చేస్తుంది, బయట మన ముందు కూడా బిగబట్టుకుంటుంది. ఫినాయిల్‌తో తుడిస్తే మనకి వాసన పోతుంది గానీ దానికి పోదు, పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి.

పళ్ళు, కొరకడం

నాలుగో నెల నుంచి ఆరు ఏడు నెలల దాకా పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్ళు సలుపుతాయి, అందుకే చెప్పులూ కుర్చీ కోళ్ళూ. పాత బట్ట తడిపి ముడేసి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి, చల్లగా హాయిగా నములుతుంది. చెయ్యి కొరికితే చెయ్యి లాక్కోకండి, లాగితే ఆట అనుకుంటుంది, కదలకుండా ఆగి, ఆ బట్ట అందించి, దాన్ని పట్టుకున్నప్పుడు మెచ్చుకోండి. మరీ రెచ్చిపోతే మీరే లేచి అరనిమిషం గది బయటికెళ్ళిపోండి. చాలాసార్లు పిల్ల అలా రెచ్చిపోయేది నిద్ర చాలకే.

వీధి నుంచి తెచ్చుకున్న పిల్ల పన్ను దిగి గీరుకుపోతే మాత్రం, ఎంత చిన్నదైనా సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికెళ్ళి యాంటీ రేబిస్ వేయించుకోండి. పిల్లకి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, దీన్ని వాయిదా వెయ్యొద్దు.

మనుషుల మీదకి ఎగరడం

మా అత్తగారికి డెబ్బై దాటాయి, నేత చీరలే కడతారు, మిరియం ఎగిరిందంటే చీర దారాలు లేచిపోయేవి, ఆవిడ అరిచేవారు, దానికది మహా సరదా. అరుపు, తొయ్యడం కూడా కుక్క దృష్టిలో మనం పట్టించుకున్నట్టే. ఆవిడకి ఒకటే చెప్పాను, అది ఎగిరితే అటు తిరిగిపోండి, నాలుగు కాళ్ళూ నేల మీద పడగానే "యెస్" అని ముక్క కింద నేల మీద వెయ్యండి అని. కింద వెయ్యడంలోనే కిటుకు, ముక్క నేల మీద దొరుకుతుంటే మూతి కిందకే ఉంటుంది. మొదటి నాలుగు రోజులు ఎగరడం ఇంకా ఎక్కువైంది, ఇదివరకు పని చేసిన ట్రిక్ ఇప్పుడెందుకు చెయ్యట్లేదా అని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట, ఇక్కడే అందరూ విసిగి ఒక్కటి వేసేస్తారు. ఆవిడ వెయ్యలేదు. రెండో వారం ఒకరోజు సాయంత్రం వంటింట్లోంచి చూస్తే, ఆవిడ గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు, మిరియం ఎదురుగా వచ్చి ఒళ్ళంతా వణికిపోయేంత ఆత్రంగా తోక ఊపుతూ, ముందు కాళ్ళు ఒక్క అంగుళం లేపి మళ్ళీ దించేసి, కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. ఆవిడ "యెస్" అనడం మర్చిపోయి "నా తల్లే" అన్నారు, ఆ రోజుకి అదే చాలింది.

రోడ్డు మీద నడక

లీష్ బిగుసుకుంటే ఆగిపోండి, వదులైతే నడవండి, మీ కాలి పక్కన ఉన్నప్పుడల్లా ముక్క కాలి దగ్గరే ఇవ్వండి. మొదటి పది రోజులు వందడుగులు వెయ్యడానికి పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపేసే టైమ్ బాగుంటుంది అనిపిస్తుంది గానీ కొత్త పిల్లకి ఆ జనం, ఆ వాసనలు, ముంత మసాలా బండి దగ్గర పడిన పల్లీలు అన్నీ ఒకేసారి ఎక్కువైపోతాయి. ముందు మీ వీధిలో, తర్వాత ఏదైనా ఖాళీ గ్రౌండ్ అంచున, బీచ్ చివరికి. ప్రతి సందు మలుపులోనూ ఒక వీధికుక్కల బ్యాచ్ ఉంటుంది, వాటిని చూసి మీ కుక్క బిగుసుకునే దూరం ఎంతో కనిపెట్టి, ఆ దూరానికి ముందే ఆగి, అది వాటిని చూసి మీ వైపు తిరగ్గానే ముక్కివ్వండి, తిరిగి వచ్చేయండి. రోజుకి రెండడుగులు దగ్గరికెళ్తే చాలు. గుర్రుమంటే తిట్టొద్దు, దూరం పెంచండి. రాకీ దగ్గర నేను చెయ్యనిది అదే.

ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే బయటికొద్దు. అరచెయ్యి వెనకవైపు తారు మీద ఐదు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు, పైగా మన వైజాగ్ ఉక్కపోతలో కుక్క నాలుక చాపి రొప్పినా ఒళ్ళు చల్లబడటం కష్టం.

పిలిస్తే రావడం

ప్రాణం కాపాడే పాఠం ఇదొక్కటే, కాబట్టి దీని జీతం అన్నిటికంటే ఎక్కువుండాలి. ఇంట్లో రెండు గదుల మధ్య మొదలుపెట్టండి, "చలో", రాగానే ఒకటి కాదు, ఐదు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత హార్నెస్‌కి పది మీటర్ల నైలాన్ తాడు కట్టి లాసన్స్ బే వైపు ఇసుకలో, జనం లేనప్పుడు. తాడుతో లాగడానికి కాదు, పారిపోకుండా ఉండటానికే. మూడు నియమాలు మేం ఎప్పుడూ తప్పలేదు: పిలిచి తిట్టం, పిలిచి స్నానం చేయించం, రాదని తెలిసినప్పుడు అసలు పిలవం, వెళ్ళి తెచ్చుకుంటాం. పది సార్లు పిలిస్తే ఎనిమిది సార్లు ఊరికే ముక్కిచ్చి మళ్ళీ ఆటకి వదిలేస్తాం, పిలుపంటే ఆట అయిపోయిందని అర్థం అవ్వకూడదు. ట్రాఫిక్ రోడ్డు పక్కన ఎంత నేర్చిన కుక్కనైనా లీష్ తియ్యొద్దు.

బాగా నేర్చుకున్న కుక్క ఉన్నట్టుండి మాట వినకపోయినా, ముట్టుకుంటే గుర్రుమన్నా, ముందు వెటర్నరీ డాక్టర్ దగ్గరికి. చెవి పోటు, కీళ్ళ నొప్పి, పిడుదుల జ్వరం ఏదైనా ఉండొచ్చు, నొప్పికి ట్రైనింగ్ మందు కాదు. కరిచే దాకా వెళ్ళిన కేసులు కూడా ఇది చదివి మీరే చేసేయొద్దు, కొట్టకుండా నేర్పే ట్రైనర్‌ని వెతకండి, "కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు" అని మొదటి రోజే అడగండి.

దీపావళికి రెండు నెలల ముందు నుంచి

2014లో హుద్‌హుద్ తుఫాను గాలికి మా కిటికీ అద్దాలు పగులుతుంటే రాకీ బాత్రూమ్‌లో మూలకి దూరి ఊళపెట్టాడు, మేమూ భయంలో ఉండి నోర్ముయ్ అని అరిచాం. పది రోజులకే దీపావళి. ఆ తర్వాత వాడున్నన్నాళ్ళూ గాలి వీస్తే చాలు అదే మూల.

భయపడే కుక్కని దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందంటారు, పెరగదు. దగ్గరికొస్తే పక్కన కూర్చోండి, నిమరండి. మిరియంకి ఆగస్టు నుంచే ఫోన్‌లో బాంబుల రికార్డింగ్ పెట్టేదాన్ని, చెవి కదిలీ కదలనంత తక్కువ వాల్యూమ్‌లో, మోత వినపడగానే లివర్ ముక్క, మోత ఆగితే ముక్కలూ ఆపేసేదాన్ని. మూడు నాలుగు రోజులకోసారి ఒక్క పాయింట్ పెంచడం, ఎక్కడైనా ముక్క తినడం మానేసి చెవులు వెనక్కి పెడితే రెండు పాయింట్లు తగ్గించడం. దీపావళి రోజు సాయంత్రం చీకటి పడకముందే తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, ఫ్యాన్ పెద్దది పెట్టి, మెడలో ఫోన్ నంబర్ రాసిన బిళ్ళ ఉందో లేదో చూసుకోండి, భయంతో పారిపోయే కుక్కలు ఎక్కువగా ఆ రాత్రే. మరీ వణికిపోయే కుక్కకి డాక్టర్‌ని ముందే అడిగితే మందు రాసిస్తారు, అందులో తప్పేం లేదు.

పోయిన దీపావళికి ఎదురు మేడ మీద వెయ్యివాలా అంటించారు. మిరియం అత్తగారి కాళ్ళ దగ్గర పడుకునుంది, దిగ్గున తలెత్తి, తలుపు వైపు కాదు, నా చేతి వైపు చూసింది.